ఆయిల్ పంపును ‘ముందు జాగ్రత్తగా’ మార్చమనే స్పేర్ పార్టుల కొట్టుతో జాగ్రత్త (విశాఖపట్నం)

కోపం ఇంకా దిగలేదు కాబట్టి నేపథ్యాన్ని త్వరగా ముగిస్తాను. నాది మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించే 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ కారు. లక్షన్నర కిలోమీటర్లు దాటాక, ఉదయం స్టార్ట్ చేయగానే టైమింగ్ చైను (ఇంజన్ వాల్వులను సమయానికి నడిపే గొలుసు) గలగలమంటుంటే కంచరపాలెంలో ఎప్పుడూ చూపించే మేస్త్రి గారి షెడ్డులో పెట్టాను. చైను మార్చాలంటే ఇంజన్ ముందు కవర్ విప్పక తప్పదు. ఈ ఇంజన్‌లో భాగాలన్నిటికీ నూనె అందించే ఆయిల్ పంపు ఆ కవర్‌లోనే ఇమిడి ఉండి, క్రాంకు షాఫ్టుతో (ఇంజన్ ప్రధాన ఇరుసుతో) నేరుగా తిరుగుతుంది. ఎలాగూ విప్పుతున్నాం గనుక పంపు కూడా కొత్తది వేసేస్తే రేపు మళ్లీ అదే కూలి ఇవ్వనక్కర లేదు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మేస్త్రి గారు పంపు విప్పి చూసి, రోటర్ల (లోపల తిరిగి నూనెను నెట్టే చక్రాల) మీద చెప్పుకోదగ్గ గీతలు లేవనీ, సంపు (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) దించి అందులోని వడపోత జాలి శుభ్రం చేసి, పంపు నూనె పీల్చే సక్షన్ పైపు రబ్బరు రింగు మారిస్తే సరిపోతుందనీ అన్నారు.

చైను కిట్టు కొనడానికి వెళ్లిన కొట్టులో కథ మారింది. పేరు రాయను, ఈ ఊళ్లో డీజిల్ బండి ఉన్నవారికి ఆ కొట్టు చెప్పకుండానే తెలుస్తుంది. నా ఇంజన్ ఆరోగ్యం గురించి నాకంటే ఆ యజమానికే ఎక్కువ బెంగ ఉన్నట్టుంది. చైను మార్చి పంపు మార్చకపోతే ఇంజన్ పట్టేస్తుందనీ, అప్పుడు లక్ష రూపాయలైనా చాలవనీ, తన దగ్గరున్నది కంపెనీ సరుకేననీ దేవుడి పటం వైపు చూస్తూ మరీ చెప్పాడు. ధర 6,800 రూపాయలు. పాత కవర్ ఇస్తే తుక్కు కింద 600 తగ్గిస్తానన్నాడు. ఉదారత ఉట్టిపడుతోందని సంతోషించి కొత్తది కొని, పాతది పంపించేశాను. బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని అచ్చు వేసిన చీటీ మీద ‘చైన్ కిట్, పంప్’ అని గీకి ఇచ్చాడు.

కొత్త పంపు వేసిన కొద్ది రోజులకే, సింహాచలం కొండ ఎక్కి దిగి ఇంటికి వస్తుండగా ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మీటరులో ఎర్రటి ఆయిల్ దీపం మిణుకుమంది. ఈ దీపం నూనె మట్టాన్ని కాదు, ఒత్తిడిని చూపిస్తుంది. చాలా బండ్లలో ఒత్తిడి అర బార్‌కు (బార్ అంటే ఒత్తిడి కొలత) అటూ ఇటూగా పడిపోతే తప్ప అది వెలగదు, అంటే అది వెలిగే సమయానికే ఇంజన్ కష్టంలో ఉన్నట్టు లెక్క. వెంటనే ఆపి, బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చాను. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజ్ బిగిస్తే, వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) అర బార్ కూడా చూపలేదు. కవర్ మళ్లీ విప్పి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని రేకులు) పెడితే రోటర్ పక్కన ఖాళీ 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. చాలా ఇంజన్లలో అక్కడ ఉండనిచ్చేది సుమారు 0.1 మిల్లీమీటరు. ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు గూట్లో పోతపోసినప్పటి లోహపు రజను అలాగే మిగిలి ఉండటంతో వాల్వు సగం తెరుచుకునే ఇరుక్కుపోయింది, ఒత్తిడితో ఇంజన్‌లోకి వెళ్లవలసిన నూనె తిరిగి సంపులోకే జారిపోతోంది. పెట్టె మీద ఎమ్మార్పీ స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు ఉందన్న సంగతి అప్పుడు గానీ మేము గమనించలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ కవర్‌ను సంచిలో వేసుకుని, గేజ్ రీడింగు ఫొటోలు తీసుకుని, మేస్త్రి గారితో కలిసి కొట్టుకు వెళ్లాను. యజమాని పెట్టె వైపు చూడను కూడా చూడకుండా, “బిగించిన సామాను వెనక్కి తీసుకోం సార్, బోర్డు మీద రాసుంది కదా,” అన్నాడు. ఇది డూప్లికేట్ అని మేస్త్రి గారు అంటే, బిగించడం చేతకాక సరుకును అంటున్నారని ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషిని నలుగురు ఖాతాదారుల ముందు అవమానించాడు. అసలు ఈ సరుకు మా కొట్టుదేనని రుజువేమిటన్నాడు. చీటీ చూపిస్తే, ఎస్టిమేట్ అంటే ధర చెప్పడమే గానీ అమ్మడం కాదని నాకు పాఠం చెప్పాడు. ఇంతవరకూ కూడా నేను భరించేవాడినేమో. నా గొంతు పెరిగేసరికి మెత్తబడినట్టు నటించి, “పోనీ, బండి విప్పి ఉంది కాబట్టి మీకు సాయం చేస్తాను, ఒరిజినల్ సెకండ్ హ్యాండ్ ఒకటుంది, టెస్ట్ చేసింది, 3,200కి ఇచ్చేస్తాను,” అంటూ కుర్రాడితో లోపలి నుంచి ఒక కవర్ తెప్పించాడు. నిగనిగలాడేలా కడిగి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. మేస్త్రి గారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి, ఏమీ అనకుండా నా చేతికిచ్చారు. పొడవు బోల్టులు ఏ రంధ్రాల్లోకి వెళ్లాలో గుర్తుండటానికి విప్పేటప్పుడు ఆయన సెంటర్ పంచ్‌తో కొట్టిన చుక్కలు ఆ అంచున అలాగే ఉన్నాయి. అది నా కవరే. 600 రూపాయలకు తుక్కుగా తీసుకున్న నా పంపునే ‘టెస్ట్ చేసిన ఒరిజినల్’ అని నాకే 3,200కి అమ్మబోతున్నాడు.

ఆ మాట అంటే యజమాని ముఖంలో రవ్వంత తత్తరపాటు కూడా కనిపించలేదు. “ఏటి సార్, సామాను మీద మీ పేరేటైనా రాసుందా? కావాలంటే తీసుకోండి, లేకపోతే పెట్టేయండి, వెనక కస్టమర్లున్నారు,” అన్నాడు. కంపెనీ సరుకు తెప్పించేలోగా బండి షెడ్డులో విప్పదీసి పడి ఉండాలి, మేస్త్రి గారికి చోటు కావాలి. అందుకని నా సొంత పంపును నేనే 3,000 ఇచ్చి కొనుక్కుని బయటపడ్డాను. బేరం ఆడితే 200 తగ్గించాడని కూడా ఇక్కడ నమోదు చేయాలి, లేకపోతే ఆయన ఉదారతకు అన్యాయం చేసినవాడిని అవుతాను.

ఆ పాత పంపునే శుభ్రం చేసి, కొత్త రబ్బరు రింగు వేసి, లోపల నూనె నింపి బిగించాక, వేడి ఇంజన్ ఐడిలింగ్‌లో గేజ్ 1.2 బార్, 3,000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 4 బార్ చూపించింది. అంటే మార్చవలసిన అవసరమే లేని పంపును తీసేసి, దాని స్థానంలో ఇంజన్‌ను చంపే పంపును డబ్బిచ్చి తెచ్చి పెట్టాను. ఇంజన్‌లో నూనె అందరికంటే ముందు అందేది పంపుకే కాబట్టి, శుభ్రమైన నూనె ఉన్నంత కాలం దాని రోటర్లు త్వరగా అరగవు. వాటిని పాడుచేసేది సమయానికి మార్చని నూనె, మడ్డి పట్టి మూసుకుపోయిన జాలి, గట్టిబడి గాలి పీల్చే రబ్బరు రింగు, చెత్త చేరి ఇరుక్కునే రిలీఫ్ వాల్వు. ఒత్తిడి తగ్గిందంటే పంపే పోయిందని కూడా అనుకోకూడదు. అరిగిన బేరింగులు, డీజిల్ కలిసి పలచబడిన నూనె, చివరికి చెడిపోయిన స్విచ్ కూడా అదే దీపాన్ని వెలిగిస్తాయి. నూనెలో తడుస్తూ తిరిగే బెల్టుతో పంపు నడిచే ఇంజన్లు వేరు, వాటి బెల్టును కంపెనీ చెప్పిన గడువుకు మార్చి తీరాలి. లోహపు ముక్కలు సంపులో కనిపించిన ఇంజన్‌కు కూడా పంపు మార్చడం న్యాయమే. మిగతావాటిలో, కవర్ విప్పక ముందే గేజ్ బిగించి వేడి మీద తీసుకున్న రీడింగు సరిగ్గా ఉంటే పంపు మార్చనక్కర లేదని అక్కడికక్కడే తేలిపోతుంది, ఆ పనికి పట్టేది అరగంట.

ఆ కొట్టు విషయానికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువేదీ రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం, రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. గోడకు తగిలించిన బోర్డు చట్టాన్ని రద్దు చేయదు. నేను 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము కూడా లేదు. యూపీఐలో డబ్బు చెల్లించిన వివరం, చీటీ, చుక్కలున్న కవర్ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి.

కొనేవారు జీఎస్టీ బిల్లు మీద పార్టు నంబరు రాయించుకోండి, పాత సామాను ఎవరికీ ఇవ్వకండి. ఆ డూప్లికేట్ కవర్ మేస్త్రి గారి షెడ్డులోనే ఉంచాను. ఇప్పటికే ఆ కొట్టులో పంపు కొన్నవారు ఎవరైనా ఉంటే, బిగించక ముందు అక్కడికి తెచ్చి దీనితో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.