ఒక్కరోజు ఉపన్యాసమా, మూడేళ్ల అభ్యాసమా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు వారే కనుక, మత్తుపదార్థాల గురించి బడిలో ఎలా చెప్పించాలన్న చర్చ మా మధ్య తరచూ వస్తోంది.

మొదటి మార్గం అందరూ ఎరిగినదే. మత్తుపదార్థాల వ్యతిరేక దినమైన జూన్ 26న ఒక అధికారిని పిలిపించి, పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి, పిల్లలచేత ప్రతిజ్ఞ చేయిస్తారు. ఖర్చు తక్కువ, ఒక్క పీరియడ్‌తో ముగుస్తుంది.

రెండవది జీవన నైపుణ్యాల శిక్షణ. అమెరికాలో మనస్తత్వవేత్త గిల్బర్ట్ బోట్విన్ రూపొందించిన పద్ధతిలో మాధ్యమిక తరగతులకు మొదటి ఏడాది 15, రెండో ఏడాది 10, మూడో ఏడాది 5 పాఠాలుంటాయి. మన నగరంలోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా ఉపాధ్యాయుల ద్వారా బోధించే జీవన నైపుణ్యాల నమూనాను తయారుచేసింది. ఈ శిక్షణలో హానిని వివరించి ఊరుకోరు. "ఒక్కసారి లాగి చూడరా, ఏం కాదు" అని స్నేహితుడు బలవంతపెట్టినప్పుడు స్నేహం చెడకుండా ఎలా కాదనాలో, దిగులును, కోపాన్ని ఎలా తట్టుకోవాలో పిల్లలచేత పాత్రలు వేయించి మళ్లీ మళ్లీ సాధన చేయిస్తారు. (మా పిల్లలకు ఆ మాట మైదానంలో కన్నడంలోనే వినబడుతుంది కాబట్టి, సాధన ఇంగ్లీషులో మాత్రమే సాగితే చాలదు.)

భయం త్వరలోనే పలచబడుతుంది, అలవాటైన జవాబు నాలుక మీద నిలుస్తుంది. అందుకే నా మొగ్గు రెండవదానివైపే. అయితే దానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావాలి, టైంటేబుల్‌లో గణితం నుంచో సైన్సు నుంచో పీరియడ్లు తీయాలి. ఆ మాట ఎత్తగానే తల్లిదండ్రులలో సగంమంది వెనక్కు తగ్గుతున్నారు.