విశాఖ తీరంలో నియోప్రీన్ రీల్ కవర్: చాలాకాలం వాడాక

చేపలు పట్టే కర్రకు బిగించి దారం చుట్టే రీలుకు కవర్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. గీతలు పడకూడదని అయితే కొనండి, తుప్పు పట్టదని నమ్మి మాత్రం కొనకండి. నేను వాడేది మామూలు నల్ల నియోప్రీన్ (రబ్బరు నురుగు) కవరు, కర్రకు బిగించి ఉన్న రీలుకే తొడిగి వెల్క్రోతో మూసేసే రకం, ధర వందల్లోనే. లోపల ఉండేది అల్యూమినియం బాడీ ఉన్న 4000 సైజు స్పిన్నింగ్ రీలు. ఋషికొండ, యారాడ, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, ఎక్కడికి వెళ్లినా స్కూటర్ మీదే. పార చేప కోసమో పండుగప్ప కోసమో నిలబడేది రాళ్ల మీద.

గీతల విషయంలో ఈ కవరుకు వంక పెట్టలేను. రీలుకు దెబ్బలు ఎక్కువగా తగిలేది చేపలు పట్టేటప్పుడు కాదు, దారిలో. స్కూటర్ గుంటలో పడ్డప్పుడల్లా రీలు ఫుట్‌బోర్డుకు తగులుతుంది, రెండు కర్రలు కలిపి కడితే ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని స్పూల్‌ని (దారం చుట్టి ఉండే భాగాన్ని) రాస్తూనే ఉంటుంది. కవరు వచ్చాక ఆ బాధ పోయింది. అందం కోసం చెప్పడం లేదు. స్పూల్ పైఅంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పి చూడండి, గీత ఉంటే ఒక్కచోట తట్టుకుంటుంది. విసిరిన ప్రతిసారీ బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం ఆ అంచు మీదుగానే జారాలి. అక్కడ గరుకు ఉంటే దారం పోగులు లేస్తాయి, విసురు దూరం తగ్గుతుంది, ఆనక మంచి చేప పడ్డ రోజే తెగుతుంది.

పైగా తుప్పుకు దారి ఇచ్చేదీ ఆ గీతే. స్పూల్ మీద మెరిసేది ఉత్త రంగు కాదు, యానోడైజింగ్, అంటే అల్యూమినియం పైన ఉండే ఆక్సైడ్ పొరను కావాలని మందంగా పెంచడం. గీత దాన్ని చీల్చుకుని దిగితే సముద్రపు నీళ్లలోని క్లోరైడ్ ఆ చోటే పట్టుకుని సన్నటి గుంటలు చేస్తుంది. దారం మొత్తం విప్పినప్పుడు స్పూల్ అడుగున తెల్లటి పొడి కనిపిస్తే అదే అది. గీత కొత్తగా ఉన్నప్పుడే మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, రంగు లేని నెయిల్ పాలిష్ పలచగా రాస్తే చాలావరకు ఆగుతుంది. బాడీ మీద గీతలకు నేను చేసేది ఇదే. దారం జారే అంచుకు మాత్రం రాయకండి, అక్కడ ఆ పూతే గరుకు అవుతుంది.

ఇక ఉప్పు. సముద్రపు నీళ్లు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, మన బంగాళాఖాతంలో నదుల నీళ్లు కలిసి కాస్త తక్కువ ఉంటుందేమో గానీ రీలుకు అదేమీ ఊరట కాదు. నీళ్లు ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది, గాలిలో తేమ 75 శాతం దాటితే అది మళ్లీ నీరు పట్టేస్తుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే. విశాఖలో అంత తేమ ఎన్ని రాత్రులు ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నియోప్రీన్ లోపలి గాలి బుడగలు మూసుకుని ఉండే రబ్బరు నురుగు, దాని గుండా నీళ్లు లోపలికీ పోవు, బయటికీ రావు. తడి రీలుకు దాన్ని తొడిగి మూల పెట్టారంటే ఆ చెమ్మ అందులోనే ఉండిపోతుంది.

నా రెండో రీలుకు పాత లుంగీ గుడ్డతో కుట్టించిన సంచి ఉంది. రెండూ ఒకే రాళ్ల మీద తిరిగాయి. ఇంటికొచ్చేసరికి నూలు సంచిలోది దాదాపు ఆరి ఉంటుంది, నియోప్రీన్‌లోది తీస్తే లైన్ రోలర్ (దారాన్ని మళ్లించే చిన్న చక్రం) పక్కన ఇంకా నీటి బొట్లు. అందుకే ఇప్పుడు నియోప్రీన్ దారిలోనే, ఇంట్లో ఉంచేటప్పుడు నూలు సంచే.

కడగడం గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది, పైపు పెట్టి జోరుగా కొట్టొద్దు, బకెట్లో ముంచొద్దు. ఆ జోరుకు ఉప్పు బేరింగుల్లోకి పోతుంది. డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) బిగించి, మగ్గుతో మెల్లగా పోసి, తుడిచి, తర్వాత డ్రాగ్ వదులు చేసి నీడలో రాత్రంతా వదిలేయండి. తీరం దగ్గర కొన్ని ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే శ్రమే మిగిలేది, కుళాయి నీళ్లు వాడండి. దయచేసి కొబ్బరి నూనె రాయకండి, జనవరి పొద్దున్నే సీసాలో గడ్డకట్టేది రీల్లోనూ గడ్డకడుతుంది. లైన్ రోలర్‌కు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు, కంపెనీ నూనె వేయొద్దన్న సీల్డ్ బేరింగు అయితే అదీ వద్దు. స్టీలు స్క్రూలకు పలచగా గ్రీజు పెట్టాలి. స్టీలు, అల్యూమినియం కలిసిన చోట ఉప్పు నీరు చేరితే తినేసేది అల్యూమినియాన్నే, ఆ తర్వాత స్క్రూ తిరగదు. ఐపీఎక్స్6 రేటింగ్ ఉన్న రీలు కొన్నాం కదా అని కొందరు కడగడమే మానేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. ఆ రేటింగ్ లోపలికి నీటి ధార పోకుండా చూస్తుంది, బయట పేరుకున్న ఉప్పును కడగదు కదా.

కవరులో ముందుగా పాడయ్యేది వెల్క్రో. ఇసుక పట్టి పట్టు పోయింది, అంతకుముందే దాని ముళ్లకు బ్రెయిడ్ తగులుకుని పోగులు లేచాయి. హ్యాండిల్ దగ్గర కుట్లు ఊడితే దర్జీ దగ్గర మళ్లీ వేయించా, నురుగు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ఈసారి తాడు లాగి బిగించే రకం తీసుకుంటా, అదీ ఒక సైజు పెద్దది, హ్యాండిల్ మడవకుండానే పట్టేలా. కవరును కూడా తిరగేసి మంచినీళ్లలో పిండాలి, లోపలి గుడ్డ పొరలో చేరిన ఉప్పు మళ్లీ రీలుకే అంటుకుంటుంది.