పన్ను బాగా కుదిరింది, బిల్లే కుదరలేదు

విజయవాడలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో కింది దవడలో లేని పన్ను చోట ఇంప్లాంట్ వేయించుకున్నాను, అంటే ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దానిమీద పన్ను పెట్టడం. బిల్లు దగ్గర పేచీ వచ్చింది కాబట్టి పేరు రాయను. డాక్టరు పనికి మాత్రం వంక పెట్టలేను.

పక్క పళ్ల ఆధారంగా కట్టుడు పన్ను నిలబెట్టే బ్రిడ్జి అయితే తక్కువలో అయిపోతుంది గానీ, అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను అరగదీయాలి. నిక్షేపంలాంటి పళ్లను అరగదీయించుకోవడానికి మనసొప్పలేదు. ముందు మూడు నెలల షుగర్ సగటు చూశారు, తర్వాత త్రీడీ స్కాన్ తీశారు. కింది దవడ ఎముకలో పళ్ల కింది నుంచి ఒక నరం పోతుంది. డాక్టరు తెరమీద దాన్ని చూపించి, స్క్రూ కొనకూ దానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం వదలాలని చెప్పారు. నరం దెబ్బతింటే పెదవి తిమ్మిరెక్కి అలాగే ఉండిపోవచ్చట. భయపెట్టినా ఫరవాలేదు, ఇలా చూపించి చెప్పే డాక్టరే కావాలి.

మత్తు సూది చురుక్కుమన్నదే నొప్పి. ఆ తర్వాత డ్రిల్లు అదురు దవడలోంచి చెవిలోకి పాకింది, అంతే. చల్లటి సెలైన్ నీళ్లు ఆగకుండా పోస్తూనే ఉన్నారు. ఎముక 47 డిగ్రీలకు మించి కాసేపు వేడెక్కినా దెబ్బతింటుందట, అప్పుడు స్క్రూ పట్టుకోదు. చివర్లో చిన్న రెంచితో బిగిస్తుంటే టక్కుమని శబ్దం వచ్చింది. ఆ రాత్రి పెరుగన్నం తిన్నాను. బుగ్గ కొంచెం వాచింది, తగ్గింది.

స్క్రూ పైన పన్ను, అదే క్యాప్, పెట్టడానికి మూడు నెలలు ఆగమన్నారు. టైటానియం మీదికి ఎముక పెరిగి అతుక్కోవడానికి అంత సమయం పడుతుంది. స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరం ఊడి రాకపోవడంతో ఈ సంగతి గమనించాడు. 1965లో మనిషి దవడలో వేశాడు. ‘ఒక్కరోజులో పళ్లు’ అని ప్రకటనలు చూస్తుంటాం. కొందరికి కుదురుతుందేమో గానీ, నాకు తొందర లేదు.

ఇక బిల్లు. గోడమీద బోర్డులో ఇంప్లాంట్ 25,000 అని పెద్ద అక్షరాల్లో ఉంది. క్యాప్ పెట్టే రోజు లెక్క 46,000కు చేరింది. నేను విద్యుత్ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషిని, రూపాయి తేడా వస్తే నిద్రపట్టదు. కౌంటర్లో అమ్మాయి, “అమ్మా, బోర్డులోది స్క్రూ రేటు. దానికీ క్యాప్‌కూ మధ్య బిగించే అబట్‌మెంట్, జిర్కోనియా అనే గట్టి పింగాణీ క్యాప్ వేరే” అంది. “ఉత్త స్క్రూతో నమలగలనా తల్లీ?” అన్నాను. డాక్టరు వచ్చి స్కాన్ డబ్బులు తగ్గించారు. బోర్డు మాత్రం మార్చలేదు. మీరు వెళితే స్కాన్, స్క్రూ, అబట్‌మెంట్, క్యాప్, ఎముక చాలకపోతే నింపే ఎముక పొడి, అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ఇంకో కాగితం కూడా అడగండి. స్క్రూ వచ్చిన పెట్టెమీద కంపెనీ, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అడిగి దాన్ని నా ఫైల్లో అంటించుకున్నాను. పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు లోపలి మర వదులైతే, దానికి సరిపోయే స్క్రూడ్రైవరు ఏదో అక్కడి డాక్టరుకు తెలియాలి కదా.

ఇప్పుడు జంతికలు, మొక్కజొన్న పొత్తులు రెండువైపులా నములుతున్నాను. సొంత పంటి వేరుచుట్టూ ఉండే మెత్తటి పొర దీనికి లేదు కాబట్టి కొరికినప్పుడు ఆ పన్ను కాస్త మొద్దుగా తోస్తుంది. దీనికి పుచ్చు రాదు గానీ, శుభ్రం చేయకపోతే చిగురు వాచి చుట్టూ ఎముక కరిగిపోతుంది. గోంగూర నారలు సందులో ఇరుక్కుంటాయి, సన్న బ్రష్షుతో రోజూ తీయాల్సిందే.

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఫోన్ చేస్తే కింది గదిలో చూస్తారు.