శాండీగేటా, డ్రోన్‌ఫీల్డా, స్టాక్స్‌బ్రిడ్జా? షెఫీల్డ్ వైపు ‘అవే’ మ్యాచ్‌కి ఏది మేలు

ఇంగ్లండ్‌లో ఉంటూ ఫుట్‌బాల్ మీద ఇష్టమున్న మనవాళ్ళు చాలామంది ప్రీమియర్ లీగ్ టికెట్ల కోసం పడిగాపులు పడతారు. దొరికితే జేబు ఖాళీ, దొరక్కపోతే టీవీయే దిక్కు. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లైతే ఆ టీవీ కూడా లేదు. ఆ సమయంలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నీ బ్రిటన్‌లో లైవ్ చూపించకూడదన్న నియమం ఉంది. పెద్ద జట్లను ఇంట్లో కూర్చుని చూసే వీలుంటే చిన్న క్లబ్బుల గేటు దగ్గర జనం తగ్గిపోతారని ఆ నియమం పెట్టారు. ఆ చిన్న క్లబ్బుల దగ్గరికే ఒక శనివారం వెళ్ళి రమ్మని నేను చెబుతాను.

పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులున్నాయి. వాటి కింద మెట్లు మెట్లుగా వందల క్లబ్బులు. ఆ కింది లోకాన్నంతా నాన్-లీగ్ అంటారు. అక్కడ ఆడేవాళ్ళలో ఎక్కువమంది వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని, మంగళవారం రాత్రి, శనివారం మధ్యాహ్నం బూట్లు కట్టుకుంటారు. మీరుండే ఊరికీ ఒక జట్టు ఉండే ఉంటుంది. దాని వెంట బయటి ఊరికి మ్యాచ్ (దాన్నే ‘అవే’ మ్యాచ్ అంటారు) చూడ్డానికి వెళ్తే, అవతలి జట్టు ఎవరు, వాళ్ళ చరిత్రేమిటి అన్నది తెలుసుకుని వెళ్ళడంలో సగం ఆనందం ఉంది. ఆ లెక్కన చూస్తే షెఫీల్డ్‌కి సాటి వచ్చే ఊరు లేదు. ఆ చుట్టుపక్కల మూడు మైదానాలున్నాయి: హాలమ్ వాళ్ళ శాండీగేట్, షెఫీల్డ్ ఎఫ్‌సీ ఆడే డ్రోన్‌ఫీల్డ్, స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ వాళ్ళ బ్రాకెన్ మూర్. ఒక్క శనివారమే చేతిలో ఉంటే వీటిలో ఎక్కడికి వెళ్ళాలి?

ముందు షెఫీల్డ్ ఎఫ్‌సీ సంగతి చూద్దాం, అన్నిటికీ మొదలు అదే కాబట్టి. 1857 అక్టోబర్ 24న నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ అనే ఇద్దరు క్రికెట్ స్నేహితులు ఈ క్లబ్ పెట్టారు. ఇప్పటికీ ఆడుతున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. చలికాలంలో క్రికెట్ ఉండదు, ఒళ్ళు వంగాలంటే ఇంకో ఆట కావాలి, అదీ మొదటి ఆలోచన. కానీ ఆడటానికి ఎదురు జట్టు ఎక్కడుంది? పోటీకి ఇంకో క్లబ్ లేక తమలో తామే పెళ్ళైనవాళ్ళు ఒకవైపు, పెళ్ళికానివాళ్ళు ఒకవైపుగా విడిపోయి ఆడుకున్నారు.

1858లో సొంత నియమాలు రాసుకున్నారు. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది 1863లో, అంటే అప్పటికి ఐదేళ్ళుగా షెఫీల్డ్‌లో రాతపూర్వకమైన నియమాలతో ఆట నడుస్తోంది. ఈరోజు మనం చూసే కార్నర్ కిక్ షెఫీల్డ్ నియమాల నుంచే అసోసియేషన్‌లోకి వెళ్ళింది. ఫౌల్ జరిగితే ఫ్రీ కిక్, గోల్ పైన క్రాస్‌బార్ వంటివాటిలోనూ ఈ ఊరి వాటా ఉంది. కొన్నేళ్ళపాటు రెండు రకాల నియమాలూ పక్కపక్కనే నడిచి, 1877లో ఒకటయ్యాయి. చేతిరాతలో ఉన్న ఆ పాత నియమాల ప్రతిని, మరికొన్ని పత్రాలతో కలిపి, 2011లో వేలానికి పెడితే 8,81,250 పౌన్లు పలికింది.

ఇంత ఘనత ఉన్న క్లబ్ మరి చిన్న లీగ్‌లో ఎందుకుంది అంటే, డబ్బు తీసుకుని ఆడబోమని పట్టుపట్టింది కాబట్టి. 1885లో ఆటగాళ్ళకు జీతాలివ్వడం చట్టబద్ధమైంది. అదే ఊళ్ళోని మరో క్లబ్ వెన్స్‌డే 1887లో జీతాల బాట పట్టింది, 1889లో షెఫీల్డ్ యునైటెడ్ పుట్టింది. షెఫీల్డ్ ఎఫ్‌సీ మాత్రం మారలేదు. జీతగాళ్ళ జట్ల చేతిలో వరుసగా చిత్తుగా ఓడుతూ కూడా మారలేదు. జీతం తీసుకోనివాళ్ళకు వేరే కప్ పెట్టండని అసోసియేషన్‌కి సూచించిందీ వీళ్ళే. ఆ అమెచ్యూర్ కప్‌ను 1904లో గెలుచుకున్నారు. తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద రోజు కోసం 1977 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది చిన్న క్లబ్బుల కప్ అయిన ఎఫ్ఏ వేజ్ ఫైనల్‌లో వెంబ్లీకి వెళ్ళి, బిల్లెరికే టౌన్‌తో 1-1తో నిలిచి, మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో 2-1తో ఓడారు.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది వీళ్ళ వ్యవహారం అని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 2004లో ఫిఫా తన వందేళ్ళ పండగకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చిన క్లబ్బులు రెండే రెండు: రియల్ మాడ్రిడ్, షెఫీల్డ్ ఎఫ్‌సీ. 2007లో 150 ఏళ్ళ వేడుకకు ఇంటర్ మిలాన్ వచ్చి షెఫీల్డ్ యునైటెడ్ మైదానమైన బ్రామల్ లేన్‌లో ఆడి 5-2తో గెలిచింది, పెలే వచ్చి చూశాడు. తమకు తోచిన ధర్మాన్ని పట్టుకుని నష్టపోయిన క్లబ్‌కి ఆపాటి గౌరవం దక్కాల్సిందే.

అయితే అవే మ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళకు ఒక చిక్కుంది. ఈ చరిత్రలో ఏదీ అక్కడ కంటికి కనబడదు. క్లబ్‌కి 2001 దాకా సొంత మైదానమే లేదు. హిల్స్‌బరో పార్క్, ఓలర్టన్, డాన్ వ్యాలీ స్టేడియం అంటూ ఊరంతా అద్దెకు తిరిగి, చివరికి డ్రోన్‌ఫీల్డ్‌లో కోచ్ అండ్ హార్సెస్ పబ్ పక్కన స్థలం చూసుకున్నారు. అది షెఫీల్డ్‌లో కూడా లేదు, పొలిమేర దాటి డర్బీషైర్‌లో ఉంది. మంచి చోటే. షెఫీల్డ్‌లో రైలెక్కితే డ్రోన్‌ఫీల్డ్ దగ్గరే, దిగాక కొంత నడక. పబ్‌లో కాసేపు కూర్చుని మైదానంలోకి వెళ్ళొచ్చు. మూడింటిలో చేరుకోవడం తేలికైనది ఇదే, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు, వేరే ఊరి నుంచి రైల్లో వచ్చేవాళ్ళకు ఇదే నయం. గేటు దగ్గర ప్రపంచంలో మొదటి క్లబ్ అని రాసి ఉంటే తప్ప, మిగతా చిన్న మైదానాల నుంచి దీన్ని వేరు చేసి చెప్పలేం.

శాండీగేట్ కథ పూర్తిగా వేరు. షెఫీల్డ్ పడమటి వైపు, క్రాస్‌పూల్‌లో, ఊరికి ఎత్తున ఉంటుంది. 1804 నుంచీ ఇక్కడ క్రికెట్ ఆడుతున్నారు. 1860లో జాన్ చార్లెస్ షా అనే ఆయన హాలమ్ ఎఫ్‌సీని మొదలుపెట్టాడు. ఆ డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, హాలమ్‌కీ షెఫీల్డ్‌కీ ఇక్కడే మ్యాచ్ జరిగింది. రెండు వేర్వేరు ఫుట్‌బాల్ క్లబ్బులు తలపడటం లోకంలో అదే మొదలు. నేలంతా మంచు. ఆ తెల్లదనం మీద రెండు జట్ల రంగు దుస్తులూ చూడముచ్చటగా ఉన్నాయని అప్పటి పత్రిక మురిసిపోయింది. జట్టుకు పదకొండుమంది అన్న నియమం ఇంకా రాలేదు. షెఫీల్డ్ 2-0తో గెలిచింది. ఇంకో విశేషం చూడండి, హాలమ్ ఈనాటికీ అక్కడే ఆడుతోంది. ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ మైదానమని గిన్నిస్ వాళ్ళు గుర్తించిందీ దీన్నే.

ఈ రెండు జట్ల మధ్య కోపతాపాలు కూడా అంత పాతవే. 1862 డిసెంబర్ 29న బ్రామల్ లేన్‌లో ఒక మ్యాచ్ పెట్టారు. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లాంకషైర్ మిల్లులు మూతపడి కూలీలు పస్తులుంటుంటే, వాళ్ళకు విరాళం పోగు చేయడం కోసం ఆ ఆట. (మన దేశపు పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది కూడా ఆ కరువు వల్లే.) మంచి పనికి పెట్టిన మ్యాచ్‌లో మేజర్ క్రెస్విక్‌కీ, హాలమ్ ఆటగాడు వాటర్‌ఫాల్‌కీ మాటా మాటా పెరిగింది. వాటర్‌ఫాల్ ఆయన మీదికి ఉరికి, చేయి చేసుకుని, వేస్ట్‌కోట్ విప్పి పారేసి కొట్లాటకు దిగాడు. జనం లోపలికి దూసుకొచ్చారు. పెద్దమనుషుల ఆట అని చెప్పుకునే కాలం అది.

హాలమ్‌కి సొంత కీర్తి కూడా ఉంది. 1867లో నాటకశాల యజమాని థామస్ యూడన్ ఒక వెండి కప్ పెట్టాడు. పన్నెండు క్లబ్బులు ఆడాయి. ఫుట్‌బాల్‌లో మొదటి కప్ పోటీగా చెప్పుకునేది దీన్నే, ఎఫ్ఏ కప్ కన్నా నాలుగేళ్ళు ముందు. ఫైనల్‌లో హాలమ్ నార్ఫోక్‌ను ఓడించింది, అదీ గోల్ లేకుండా. ఆ రోజుల్లో గోల్‌కి అటూ ఇటూ మరో జత జెండాలుండేవి. వాటి మధ్య నుంచి పోయిన బంతిని ముందుగా తాకితే రూజ్ అనేవాళ్ళు, గోల్స్ సమానమైతే రూజ్‌లు లెక్కబెట్టేవాళ్ళు. హాలమ్‌కి రెండు రూజ్‌లొచ్చాయి. ఆ కప్ తర్వాత ఎటో మాయమై, వందేళ్ళు దాటాక ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర బయటపడితే క్లబ్ కొనుక్కుంది.

ఇక మ్యాచ్ విషయానికొస్తే, శాండీగేట్‌లో అవతలి జట్టుతో పాటు నేలతో కూడా ఆడాలి. పిచ్ కంటికి తెలిసేంత వాలుగా ఉంటుంది. పల్లానికి కొట్టిన లాంగ్ పాస్ అనుకున్నదానికన్నా ముందుకు పోతుంది, మిట్టకు ఇచ్చిన పాస్ మధ్యలోనే చచ్చిపడుతుంది. హాలమ్ వాళ్ళకు రెండు వారాలకోసారి అలవాటైన నేల అది. వచ్చిన జట్టుకు మొదటి ఇరవై నిమిషాలు లెక్క కుదరదు. అందుకే మీ కెప్టెన్ టాస్ గెలిస్తే ఏ వైపు తీసుకుంటాడో గమనించండి. నా మట్టుకు నేనైతే మొదటి సగం మిట్టకు ఆడి, గోల్ ఇవ్వకుండా నెట్టుకొచ్చి, కాళ్ళు అలిసిన రెండో సగంలో వాలు మన వైపు ఉండేలా చూసుకోమంటాను. ముందే పల్లానికి ఆడి రెండు గోల్స్ కొట్టేస్తే పోలేదా అంటారు కొందరు. కొట్టలేకపోతే చివరి పావుగంట నరకం. నాన్-లీగ్‌లో ఎక్కువ చోట్ల అభిమానులను విడదీసే కంచెలుండవు. హాఫ్‌టైమ్‌లో మీ జట్టు దాడి చేసే గోల్ వెనక్కి మీరు నడిచి వెళ్ళొచ్చు. గోల్‌కీపర్ తిట్లు, లైన్స్‌మన్ గొణుగుడు, షిన్‌ప్యాడ్‌కి బూటు తగిలిన చప్పుడు అన్నీ వినబడతాయి.

మూడోది స్టాక్స్‌బ్రిడ్జ్. పైరెండింటి పక్కన ఇది నిన్న మొన్నటిది. 1986లో రెండు స్థానిక జట్లు కలిసి ఏర్పడింది. అందులో ఒకటి ఉక్కు కర్మాగారం జట్టు. శామ్యూల్ ఫాక్స్ 1842లో ఇక్కడ తీగ తయారీ మొదలుపెట్టి, 1852లో ఉక్కు కమ్మీల గొడుగును తెచ్చాడు. గొడుగు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఈ లోయకి కొంత రుణపడి ఉన్నారు. మైదానం కొండవాలు మీద ఉంటుంది, చలికాలంలో వెళ్తే రెండు స్వెట్టర్లు వేసుకోండి.

ఈ జట్టు పేరు మోగింది జేమీ వార్డీ వల్ల. షెఫీల్డ్ వెన్స్‌డే పదహారేళ్ళకు వదిలేస్తే ఇక్కడికొచ్చి, వారానికి 30 పౌన్లకు ఆడాడు. ఒక గొడవ కేసులో కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ వేసి, సాయంత్రానికల్లా ఇంట్లో ఉండాలని ఆంక్ష పెట్టారు. దూరపు మ్యాచ్‌లైతే మధ్యలోనే మైదానం వదిలి ఇంటికి పరిగెత్తేవాడు. అక్కడి నుంచి హాలిఫాక్స్, ఫ్లీట్‌వుడ్, 2012లో లెస్టర్, 2016లో ప్రీమియర్ లీగ్ టైటిల్. బ్రాకెన్ మూర్‌లో ఒక స్టాండ్‌కి అతని పేరు పెట్టారు. ఆట నేర్చుకుంటున్న పిల్లాణ్ణి తీసుకెళ్తే ఈ మైదానమే చూపించాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎదగొచ్చో ఒక్క మాట చెప్పకుండానే అర్థమవుతుంది. ఇబ్బందల్లా ప్రయాణం. రైలు లేదు, షెఫీల్డ్ నుంచి ట్రామ్, ఆపైన బస్. సాయంత్రం మ్యాచ్ అయితే తిరుగు బస్ టైమ్ ముందే చూసుకోకపోతే టెన్షన్ తప్పదు.

తిండి విషయంలో మూడింటికీ పెద్ద తేడా లేదు: పై, చిప్స్, ఉడికించి మెదిపిన బఠాణీలు. పై మీద హెండర్సన్స్ రెలిష్ వేసుకోవడం మాత్రం మరవకండి. షెఫీల్డ్‌వాళ్ళు ప్రాణంగా చూసుకునే ఈ నల్లటి పులుసులో చింతపండు, మిరప, లవంగం ఉంటాయి, చేపముక్క ఉండదు. ఆ చలిలో మన నాలుకకు ప్రాణం లేచి వస్తుంది.

నా ఓటు శాండీగేట్‌కే. పాత క్లబ్ గొప్పా, పాత మైదానం గొప్పా అని షెఫీల్డ్‌లో ఎవరినడిగినా వాదన తెగదు. పుట్టుకలో షెఫీల్డ్ ఎఫ్‌సీదే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ మ్యాచ్ చూడ్డానికి వచ్చినవాడు తొంభై నిమిషాలు నిలబడేది ఒక నేల మీద. 1860లో మంచులో ఆడిన ఆ నేల మీద మీ ఊరి ప్లంబర్, టీచర్ ఈరోజు బంతి కోసం పడి దొర్లడం చూడాలంటే వేరే చోటు లేదు. రెండో శనివారం దొరికితే డ్రోన్‌ఫీల్డ్, అప్పటికి ఆ క్లబ్ విలువ మీకు ఇంకా బాగా తెలిసి ఉంటుంది. ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలుంటే మాత్రం ఈ వరుస పక్కనపెట్టి ముందు స్టాక్స్‌బ్రిడ్జ్‌కి తీసుకెళ్ళండి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానకూ, గడ్డకట్టిన నేలకూ ఈ స్థాయిలో మ్యాచ్‌లు తరచూ వాయిదా పడతాయి. రిఫరీ పొద్దున వచ్చి పిచ్ చూసి తేలుస్తాడు. బయలుదేరే ముందు క్లబ్ సోషల్ మీడియా పేజీ ఒకసారి చూసుకోండి. శాండీగేట్‌లో రద్దయితే డ్రోన్‌ఫీల్డ్‌లో ఆట ఉందేమో కూడా చూడండి, రెండూ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకు అందుకోవచ్చు.