అమీర్‌పేట వీకెండ్ గ్రామర్ బ్యాచ్: సారుకి ఫుల్ మార్కులు, మెటీరియల్‌కి సున్నా

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతిలో పాంప్లెట్ పడకుండా ఉండదు. అలా చేతికొచ్చిన కాగితం చూసే ఈ ఇంగ్లీష్ బ్యాచ్‌లో చేరాను. పేరు రాయను, గొడవెందుకు. 6 ఆదివారాలు, 3,500 రూపాయలు.

ముందు మంచి చెబుతా. గ్రామర్‌లో కాంప్లిమెంట్ (complement), అంటే వాక్యం అర్థాన్ని పూర్తిచేసే మాట, ఏంటో స్కూల్లో బట్టీ పట్టి మర్చిపోయినదాన్ని ఈ సారు ఒక్క పూటలో ఎక్కించారు. బోర్డు మీద ‘ఐ పుట్ ది కీస్’ అని రాసి మార్కర్ మూత పెట్టేసి, అయిపోయిందా అన్నారు. అందరం అయిపోయిందన్నాం. మరి ఇంట్లో అమ్మ తాళాలేవే అంటే ‘పెట్టాను కదా’ అంటాం, సరిపోతుంది! ఇంగ్లీష్‌లో పుట్ అలా వదలదు, ఎక్కడో చెప్పాల్సిందే: ‘ఆన్ ది టేబుల్’. దీన్ని కొన్ని పుస్తకాలు అడ్వర్బియల్ అంటాయట, పేరేదైనా అది లేకపోతే వాక్యం గాల్లో వేలాడుతుంది. ‘ఐ యామ్ ఫాండ్’ కూడా అంతే, ‘ఆఫ్ బిర్యానీ’ అనేదాకా ఎవరికీ ఏమీ అర్థం కాదు.

నాకు బాగా నచ్చింది ఇది. ‘షి మెట్ ఎ డాక్టర్’లో ఇద్దరు మనుషులున్నారు, ‘షి బికేమ్ ఎ డాక్టర్’లో ఒక్కతే ఉంది. మొదటిది ఆబ్జెక్ట్, రెండోది ఆవిడ గురించే చెప్పే కాంప్లిమెంట్, అందుకే దాన్ని పాసివ్‌లోకి తిప్పలేం. తర్వాత ‘ఐ ఫౌండ్ ది ఈజీ బుక్’ అని రాసి, ఈజీని చెరిపి చివర్లో పెట్టారు. మొదటిది తేలిక పుస్తకం దొరికింది, రెండోది పుస్తకం తేలిగ్గా అనిపించింది. ఒక్క మాట జరిగితే అర్థం మొత్తం మారిపోయింది. ఇన్నేళ్లూ ఆఫీసు మెయిళ్లలో ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తున్నాను, డిస్కస్‌కి ఆ అబౌట్ అక్కర్లేదని అక్కడే తెలిసింది, సిగ్గేసింది కూడా.

ఇక మిగతావి. ముప్ఫై మంది పట్టే గదిలో అరవై మంది, ఏసీ చప్పుడు తప్ప చల్లదనం లేదు. మెటీరియల్ అంతా జిరాక్స్, అందులో పాఠం పేరే తప్పు: కాంప్లిమెంట్ స్పెల్లింగ్ మధ్యలో ఈ (e) ఉండాల్సిన చోట ఐ (i) ఉంది, అంటే పాఠమంతా పొగడ్తల గురించి అన్నమాట. కౌంటర్లో చెబితే ‘రెండూ ఒకటే కదా మేడమ్’ అన్నాడు! ఇస్తామన్న రికార్డింగులు ఇప్పటికీ రాలేదు, చివరి ఆదివారం సారు బదులు ఎవరో వచ్చి ఆ జిరాక్సే పైకి చదివి వెళ్లిపోయారు.

ఐదుకి మూడు, అదీ సారు కోసమే. చేరేముందు పాఠం ఎవరు చెబుతారో గట్టిగా అడగండి, మెటీరియల్‌కని విడిగా 200 అడిగితే మాత్రం ఇవ్వకండి.