పాత హెరిసీలకు కొత్త ట్వీటర్లు, కొత్త కెపాసిటర్లు: ఆరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా. మీ ఇంట్లో పాత హారన్ స్పీకర్లుండి (మైకు గొట్టంలాంటి నోరున్నవి), పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంటే ముందు క్రాసోవర్‌లో, అంటే ఏ స్వరం ఏ స్పీకర్‌కి వెళ్లాలో పంచే సర్క్యూట్‌లో, కెపాసిటర్లు మార్చండి. ఒక నెల వినండి. ట్వీటర్ల మీద, అంటే సన్నటి పై స్వరాలు పలికే చిన్న స్పీకర్ల మీద, డబ్బు పెట్టడం ఆ తర్వాత సంగతి. నేను రెండూ మార్చా, మధ్యలో ఒక ట్వీటర్ కాల్చుకున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది కావలి. స్పీకర్లు మా పెదనాన్నవి, క్లిప్ష్ హెరిసీ. ఆయన అమెరికాలో డాక్టరుగా ఉన్నప్పుడు 1978లో కొన్నారు, తిరిగొచ్చేటప్పుడు ఇంటి సామానుతో పాటు ఓడలో వేయించారు. పాల్ క్లిప్ష్ ఆ కంపెనీ పెట్టింది 1946లో, మన బాలు పుట్టిన ఏడాదే. ఆయన మొదటి స్పీకర్ క్లిప్ష్‌హార్న్‌ని గది మూలలోనే పెట్టాలి, ఎందుకంటే ఆ రెండు గోడలూ దాని గొట్టంలో భాగమే. మూల, మూల అని అందరికీ చెప్పిన మనిషే 1957లో మూల అక్కర్లేని ఈ చిన్న పెట్టె చేస్తే, ఇది మతధిక్కారం (ఇంగ్లీషులో హెరిసీ) కదా అన్నారట ఎవరో, ఆ మాటే పేరైపోయింది. ఇందులో బాస్ పలికే 12 అంగుళాల వూఫర్ మామూలుగా మూసిన పెట్టెలోనే ఉంటుంది, హారన్లు మధ్య స్వరాల మిడ్‌కీ ట్వీటర్‌కీ మాత్రమే. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 96 డెసిబెల్స్, అంటే కొంచెం కరెంటుకే బోలెడు మోత. ధనుర్మాసంలో తెల్లారుజామున రామాలయం మైకు గొట్టంలో తిరుప్పావై పెడితే ఊరవతల పొలాల దాకా ఎట్టా వినపడుతుందో, సూత్రం అదే. నా ఆంప్ 20 వాట్లే, అయినా నాబ్ సగం దాకా తిప్పే అవసరం ఎప్పుడూ రాలేదు.

పెదనాన్న నాకిచ్చేనాటికి పాట మొద్దుబారిపోయి ఉంది. ఘంటసాల పాటల్లో వెనక తాళాలు ఉన్నాయో లేవో తెలీదు, మాటల్లో స, శ రెండూ ఒకటే. వెనక చెక్క విప్పితే స్క్రూలు తుప్పు, వైర్ కొసలకు పచ్చ చిలుం. సముద్రం దగ్గర ఊళ్లో ఇది మామూలే, గరుకు కాగితంతో రుద్ది కొత్త కొసలు బిగిస్తే చాలు. అసలు జబ్బు రేకు డబ్బాల్లాంటి నూనె కెపాసిటర్లలో. మీటర్ పెడితే విలువ ఇంచుమించు 2 మైక్రోఫారడ్ దగ్గరే చూపించింది, అందుకే చాలామంది బాగానే ఉన్నాయని వదిలేస్తారు. కానీ నలభై ఏళ్లలో వాటి లోపలి నిరోధం, అదే ఈఎస్‌ఆర్, పెరిగిపోతుంది. ట్వీటర్‌కి వెళ్లాల్సిన సిగ్నల్‌లో కొంత అక్కడే తినేస్తుంది. ఈఎస్‌ఆర్ చూపించే మీటర్‌తోనే చూడాలి. ఇంకో మాట, 1979కి ముందు అమెరికాలో చేసిన ఇలాంటి డబ్బాల్లో పీసీబీ అనే విషపు నూనె ఉండొచ్చు. లోపల ఏముందో చూద్దామని కోయకండి, కారుతుంటే చేత్తో ముట్టుకోకండి.

ఇక నా తెలివితక్కువ పని. ఒక మెకానిక్‌కి ఇచ్చా. "2 దొరకలేదు సార్, 4.7 వేశా, ఏం కాదు, ఇంకా గట్టిగా మోగుతది" అన్నాడు. మోగింది కూడా, నేనూ మురిసిపోయా. విలువ రెట్టింపైతే ట్వీటర్ మోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ సగానికి దిగుతుందని, దాని సన్నటి తీగ మోయలేని బరువు దాని మీద పడుతుందని నాకప్పుడు తట్టలేదు. మా చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కి మూడు గంటలు గట్టిగా పెట్టాం, భోజనాల వేళకి ఎడమ ట్వీటర్ పోయింది. వైర్లు విప్పి 1.5 వోల్టుల బ్యాటరీ తాకిస్తే బాగున్నది "టిక్" అంటుంది, ఇది మూగగా ఉండిపోయింది. మెకానిక్‌ని ఏమనాలి, వేయమని తల ఊపింది నేనే.

నెల్లూరులో అడిగితే డీజే బాక్సులకు వేసే పీజో ట్వీటర్ చేతిలో పెట్టారు. వేసి చూశా, రెండ్రోజులకే పీకేశా. పీజో అంటే కరెంటు లెక్కలో అదే ఒక కెపాసిటర్, 8 ఓమ్‌ల తీగచుట్ట కోసం లెక్కేసిన క్రాసోవర్‌కి దానితో పొత్తు కుదరదు. చెవిలో ఈల వేసినట్టుంటుంది.

చివరికి సరైన విలువ పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) కెపాసిటర్లు, టైటానియం డయాఫ్రం (కంపించి మోగే పలచటి పొర) ఉన్న ట్వీటర్ల జత అమెరికా నుంచి తెప్పించా. పాత ట్వీటర్, దాని పేరు కే-77, తీసిన రంధ్రంలోనే సరిపోయేవి. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి 20,000 దాటింది. ఇంట్లో ఆ లెక్క పూర్తిగా చెప్పలేదు.

ఒక్క మంచి పని చేశా. కెపాసిటర్లు రెండు పెట్టెల్లోనూ మార్చి, కొత్త ట్వీటర్ మాత్రం కాలిపోయిన ఎడమ వైపే బిగించా. కుడివైపు బతికున్న పాత కే-77నే నెల రోజులు ఉంచా. పాత మోనో పాటలు పెట్టి బ్యాలెన్స్ నాబ్ ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నా. రెండు వైపులా ఒకే పాట కదా, తేడా దాక్కోవడానికి చోటు లేదు. చూస్తే నేననుకున్నంత తేడా లేదు! దుప్పటి తొలగింది కెపాసిటర్ల వల్ల. ఫినాలిక్ (ఒక రకం రెసిన్) పొర ఉన్న పాత ట్వీటర్ కూడా స, శ విడివిడిగా పలికింది, తాళం తాళంలాగే మోగింది. టైటానియం దాని మీద ఇచ్చింది కొసరు: మువ్వలు ఆగాక గాల్లో మిగిలే సన్నటి రవళి, వయొలిన్ కమాను తీగ మీద రాసుకునే గరుకు. నాకు ఆ కొసరు ఇష్టమే. కానీ క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటల్లో బుస కూడా అంతే స్పష్టంగా వస్తుంది, 80ల నాటి కొన్ని రికార్డింగుల్లో ఆడగొంతు పై స్థాయికి వెళ్తే నేను వాల్యూమ్ తగ్గిస్తా, ఇప్పటికీ.

పెదనాన్న వచ్చి విన్నారు, 80 దాటాయి ఆయనకి. అరగంట కళ్లు మూసుకుని కూర్చుని "బాగానే ఉంది గానీ అబ్బయ్యా, ఏంది నువ్వు మార్చింది?" అన్నారు. ఆ వయసులో చెవికి పై ఫ్రీక్వెన్సీలు అందవు, ఆ సంగతి డాక్టరుగా ఆయనకే బాగా తెలుసు.

ఖర్చు లేని రెండు పనులు ఇంకా బాగా పనికొచ్చాయి. మిడ్ హారన్ రేకుది, వేలితో తడితే గంటలా మోగేది, వెనక వైపు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాక మోత తగ్గింది, గొంతులో అరుపు కూడా తగ్గింది. రెండోది, పెట్టెల్ని గది మూలలకు జరపడం. బాస్ నిండుగా వచ్చింది, మృదంగంలో తొప్పి వైపు దెబ్బ ఇప్పుడు తెలుస్తోంది. పెద్ద క్లిప్ష్ మాటే నెగ్గింది చివరికి.

ఆరేళ్లలో మళ్లీ విప్పింది ఒక్కసారి, ఒక తుఫాను తర్వాత తేమ పట్టి కుడివైపు కరకరలాడితే. మళ్లీ చిలుమే, కెపాసిటర్లకేం కాలేదు. మిగిలిన ఆ ఒక్క కే-77ని నూలు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా పక్కన స్టీలు డబ్బాలో దాచా. అమ్మను, అడగొద్దు.