దించి నేర్చుకోవాలంటే వెర్మీరా, రెంబ్రాంటా?

ఆయిల్ రంగుల్లో ముఖం వేయడం నేర్చుకోవాలంటే పాత మాస్టర్ల బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని దించడం ఎప్పటినుంచో ఉన్నదే. ఏది దించాలన్నదే చిక్కు. నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలోనే ఉన్న రెండు చూద్దాం: డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు పోగు అమ్మాయి’, ఆ దేశపువాడే అయిన రెంబ్రాంట్ తాను చనిపోయిన ఏడాదే, 1669లో, వేసుకున్న సొంత బొమ్మ.

వెర్మీర్‌ది చిన్నది, 44.5 × 39 సెం.మీ. నున్నటి చెంపలు, ఒక్క ముడత లేదు. తేలికనిపిస్తుంది, బ్రష్ పట్టేదాకా. ముక్కు దూలానికీ అవతలి చెంపకీ మధ్య గీతే లేదు, రెండూ ఒకే రంగులో కలిసిపోయాయి. మన చెయ్యేమో అక్కడ గీత గీయకుండా ఊరుకోదు. గీశామా, అమ్మాయి పోయి అట్టబొమ్మ మిగులుతుంది. ఇక ముత్యం: పైన దట్టమైన తెల్ల చుక్క, కింద తెల్ల కాలరు మసక ప్రతిబింబం, అంతే. చెవికి తగిలించే కొక్కెం కూడా వేయలేదు మహానుభావుడు! పల్చటి పొరలు ఒకటి ఆరాకే ఇంకోటి వేయాలి. వారం రోజుల్లో అయ్యే పని కాదు.

రెంబ్రాంట్ కాస్త దయ చూపిస్తాడు. కన్ను కొంచెం అటూఇటూ అయినా ముసలాయన ముసలాయనలాగే ఉంటాడు. గోధుమ, ఎరుపు మన్ను రంగులు, నలుపు, తెలుపు ఉంటే చాలావరకు గడుస్తుంది. ఒక్కటే గమనించాలి: ఆయన రంగు మందంగా పెట్టింది వెలుగు పడిన నుదుటి మీద, ముక్కు మీద. నీడలు పల్చన. కొత్తవాళ్లం అంతటా ఒకేలా మెత్తేస్తాం.

నన్నడిగితే ముందు రెంబ్రాంటే, అదీ తల వరకే. కోటు సంగతి తర్వాత.